పడమర ఎటు

ఫారంలో నాలుగు గడులు.
పేషెంటు పేరు. మతం. కూర్చున్న సమయం.
ఏ ప్రార్థన చేశావు?

ఖైరుద్దీన్ అని రాశాను. కొత్తవాడ, షత్రంజీలు నేసేటాయన.
ఇస్లాం.
పదకొండున్నర నుంచి ఒంటిగంట.
నాలుగో గడి దగ్గర పెన్ను ఆగింది.

వేదాంత కళాశాలలో నాది రెండో ఏడు.
భూపాలపల్లిలో మా అమ్మ ఆదివారం గుడికి పోతుంది.
నాన్న గనిలో దిగిన రోజుల్లో
గురువారం దర్గాకూ పోయేది. ఆ సంగతి
అడ్మిషను ఇంటర్వ్యూలో నేను చెప్పలేదు.

మంగళవారం మా వంతు ఎం.జి.ఎం.
సంచిలో బైబిలు, సబ్బు, ఒక అరటిపండు.
సార్ చెప్పి పంపినవి మూడే:
మంచం మీద కూర్చోవద్దు.
అంతా దేవుని చిత్తం అనొద్దు.
అడగందే ప్రార్థన చేయొద్దు.

ఆయన అడిగాడు. ప్రార్థన కాదు.
"బిడ్డా, పడమర ఎటు?"

కిటికీకి అట్టముక్క కొట్టిన వార్డు.
ట్యూబులైటుకు దిక్కులుండవు.
నర్సుకు తెలీదు. వార్డుబాయ్ గోడకేసి చెయ్యూపి
"గిటే కావచ్చు" అన్నాడు.
డెబ్బై ఏళ్ళు పోగు వంకర పోనివ్వని మనిషికి
కావచ్చు అని ఎట్లా చెప్పను?

మెట్లు దిగి, ఓపీ లైనులోంచి ఒరుసుకుంటూ బయటపడితే
సూర్యుడు సరిగ్గా నడినెత్తిన.
ఆయనా ఏమీ చెప్పడు.

గేటు పక్క ఇడ్లీ బండి బుచ్చవ్వ చెప్పింది:
"పొద్దుగాల ఎండ నా మొకాన గొడ్తది,
మాపటికి ఈపున గొడ్తది.
ఇరవై ఏండ్లాయె గీడ నిలవడవట్టి."

బుచ్చవ్వ వీపు ఎటుందో అదే పట్టుకుని
రెండంతస్తులు ఎక్కాను,
మలుపు మలుపుకీ ఆగి ఒళ్ళు తిప్పి చూసుకుంటూ
నిండుగిన్నె మోసినట్టు.

మంచం తిప్పాలి.
పక్క మంచం ములుగు రాజేశం గారి కొడుకు
నుదుటి పసుపుతోనే వచ్చి ఒక కోడు పట్టాడు.
నేనొకటి. సెలైను సీసా వార్డుబాయ్ చేతిలో.
తుప్పు చక్రాలు కీచుమంటే వార్డు వార్డంతా లేచి చూసింది.
"ఇంకొంచెం... ఇంకొంచెం... బస్."

పెదవులు కదిలాయి. వేళ్ళు కదిలాయి,
అల్లుతున్నట్టే.
చాలాసేపటికి కళ్ళు తెరిచి
"నీది గూడ చేస్కో" అన్నాడు.
నాకొక్క మాటా రాలేదు.
అరటిపండు ఒలిచి
నేనూ రాజేశం గారి కొడుకూ చెరిసగం తిన్నాం.

నాలుగో గడిలో "మంచం తిప్పాను" అని రాశాను.
సార్ ఎర్రపెన్ను గాల్లో నిలబడిపోయింది.
రైటు పెట్టలేదు, ఇంటూ పెట్టలేదు.
"ఎంత తిప్పావమ్మా?"
"పావుకి తక్కువే సార్."

మళ్ళీ మంగళవారానికి
మంచం గోడవారగా ఉంది. దాని మీద వేరే మనిషి.

డిసెంబరులో కాలేజీ చాపెల్లో తలపుల సాయంత్రం.
మేం కూర్చున్న మంచాల తాలూకు మనుషుల్ని పిలిచాం.
రాజేశం గారి కొడుకు మేడారం బంగారం తెచ్చి
ప్రిన్సిపాల్ గారి చేతిలో ఇంత బెల్లం పెట్టాడు.
మైకు రెండుసార్లు పోయింది.
ఖైరుద్దీన్ గారి బిడ్డ నస్రీన్
మగ్గం మీంచి కోసి తెచ్చిన షత్రంజీ విప్పింది:
ఎరుపు, నలుపు, ఒక కొసన
ముడులు వేయని పోగులు.

చీకటి పడుతుండగా నా చెవి దగ్గరికొచ్చి
"ఇక్కడ పడమర..." అంది.
ముందువరసలో నాలుగు తలలు తిరిగాయి.
ఎనిమిదేళ్ళుగా ఆ భవనంలో ఉన్న ప్రిన్సిపాల్ గారు
పైన ఫ్యానుకేసి చూశారు.

నేను పొద్దున్నే చూసి పెట్టుకున్నాను.
సిలువ ఉన్న గోడ తూర్పు.
పడమరంటే వెనకవైపు,
మేమంతా చెప్పులు విడిచిన గుమ్మం.

ఎవరూ ఏమీ అనలేదు.
ప్రిన్సిపాల్ గారే వంగి
రెండు చేతులా చెప్పులు పక్కకు జరపడం మొదలుపెట్టారు,
పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకున్న
నా చెప్పులతో సహా.