నలభై చుక్కల లెక్క

పొద్దున ఏడున్నరకు చైతన్యపురి గల్లీల
మా ల్యాబు షట్టరు సగమే లేస్తది.
ఆ సగం కిందినుంచి వంగి వచ్చిండు లింగస్వామి.
ఇరవై ఆరేండ్లు, పరగడుపు,
పిడికిట్ల నాలుగు మడతలు పెట్టిన చీటి.
"మగ టెక్నీషియన్ లేడా మేడం?"
లేడు. భిక్షపతి పెండ్లికి పోయిండు,
తన పెండ్లికే.
చీటి విప్పిన. టెస్టోస్టిరాన్.

రబ్బరు పట్టీ కడుతుంటే
గోడ మీది షుగరు చార్టును చూస్తా అడిగిండు,
"చేతి అలవాటుంటే అది తగ్గుతదా?"
నేను చేతిని చూడలే, నరాన్ని చూసిన.
మంచి నరం, వెతకకముందే దొరికే నరం.

మూసీ ఒడ్డున డేరాల వైద్యుడు చెప్పిండట
ఒక్క చుక్కకు నలభై చుక్కల నెత్తురు ఖర్చని.
డబ్బా పన్నెండొందలు. మూడు డబ్బాలు.
పాలల్ల కలుపుకొని, తూర్పుకు తిరిగి.

నెత్తురు లెక్క నాకే చెప్పవడితివి!
పదమూడేండ్ల సంది నేను తినే బువ్వ
మందినుంచి తీసిన నెత్తురే.
మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు,
ఈ ఎర్రమూత సీసాల అరవై.
వైద్యుని లెక్కే నిజమైతే
అమీర్‌పేట హాస్టళ్లు ఎన్నడో ఖాళీ అయ్యేటివి,
కోచింగ్ సెంటర్లకు తాళాలు పడేటివి,
ఎనిమిది గంటల మెట్రోల
మనకందరికీ కూసునే సీటు దొరికేది.

రిపోర్టు అయిదువందల పన్నెండు.
మంచిగున్నది అన్న. నమ్మలే.
నెల రోజులు ఒట్టు పెట్టుకుంట,
మళ్ల తీయండి అన్నడు, మొక్కు చెల్లించెటోని లెక్క.

వచ్చిండు.
క్యాలెండరు కాయితం చింపి తెచ్చిండు,
రోజుకొక నీలం గీత.
పంతొమ్మిది దగ్గర పెన్ను కాయితాన్ని చీల్చింది.
అదేందని నేను అడగలే.
మళ్ల సూది, మళ్ల అరవై చుక్కలు.
నాలుగువందల తొంభై ఎనిమిది.

"ఆపితే తగ్గిందా?"
నెల రోజుల తపస్సు వాని ముఖంల
పాలు విరిగినట్టు విరిగింది.
తగ్గలే నాయినా, పెరగలే.
బియ్యం బస్తా రెండుసార్లు తూస్తే
కాంటా ఒక్క మాట మీద నిలబడుతదా?
అంతే తేడా.
ఒళ్లు మన వాటర్ బోర్డు నల్లా కాదు
వాడుకుంటే రోజిడిచి రోజు ఎదురుచూసేటందుకు.

మరి ఈ నీరసమేంది, అడిగిండు.
రాత్రి ఎక్కడుంటవు, అడిగిన.
శంషాబాద్ గోదాముల, డబ్బాలకు స్కానింగ్,
పది నుంచి ఆరు దాక.
పగలు రూముల అయిదుగురు, ఒకటే ఫ్యాను,
మూడు గంటలు నిద్రవడితే గొప్ప.
అగో, అది తింటది నిన్ను, అన్న.
డాక్టరమ్మకు చెప్పుకో, నిద్ర గురించి చెప్పు,
ఆ డేరా దిక్కు మాత్రం పోకు.

ఇదంతా వానికి ఎందుకు చెప్పిన్నో
ఇంటికి పోయినంక ఎరుకైంది.
మా తమ్ముడు మల్లికార్జున్
పద్దెనిమిదేండ్లప్పుడు ఎండిపోయిండు,
అద్దం ముందట నిలబడి
కండ్ల కింద నలుపు వేలితోని రుద్దుకునేటోడు.
అమ్మ కామెర్లనుకున్నది. నేను ప్రేమ అనుకున్న.
ఇల్లు మారిన నాడు మంచం కింద
ఏడు ఖాళీ డబ్బాలు దొరికినయ్,
మూత మీద మీసమున్న పహిల్వాను, గుర్రం.
నేను డిప్లొమా చదువుతున్న అప్పటికే,
సూది గుచ్చుడు వచ్చిన అక్కను, వాని పక్క అర్రలనే ఉన్న.
వాడు అడగలే. నేను అడగలే.

ఇప్పుడు వానికి ఇద్దరు పిల్లలు, బొజ్జ.
డబ్బాలు ఆరు పారేసినం,
ఒకటి మూత గట్టిదని అమ్మ ఉంచుకున్నది.
రాత్రి పప్పుకు పోపు పెడుతుంటే
పహిల్వాన్ను తిప్పి మూత తీసిన.
ఆవాలు చిటపటలాడినయ్,
ఎన్ని చుక్కల నూనెలనో లెక్కవెట్టలే.