గ్రాములో యాభై సెంట్లు

కాశీబుగ్గలో ఎక్కించిన బస్తా
ఎచ్చెర్ల దాకా ఒకటే ఘాటు.
ఏంటమ్మా ఇది, అన్నాడు కండక్టరు.
జీడిపిక్కల తొక్కలు అన్నాను.
తొక్కలకీ టికెట్టు కొట్టాడు.

తవిటమ్మ ఇచ్చిన బస్తా అది.
తనకి ముందు పుట్టిన ముగ్గురూ పోతే
దోసెడు తవుడుకి అమ్మి మళ్ళీ కొనుక్కున్న పిల్ల.
అరవై ఏళ్ళుగా ఆ వెలని పేరులో మోస్తోంది.
జీడిచమురు తినేసిన వేళ్ళకి గీతలు లేవు,
రేషను మిషను ఆమెని పోల్చుకోదు.
"పప్పు ఊళ్ళెలిపోద్ది, తొక్క బట్టీకెలిపోద్ది.
నీకేటి గుంటా దీంతో పని?"

కడిగాను, ఎండబెట్టాను, పొటాష్‌లో నానేశాను.
నైట్రోజన్ పారే గొట్టంలో ఏడొందల యాభై డిగ్రీలు.
మొదటిసారి ఐదొందల దగ్గర కరెంటు పోయింది.
రెండోసారి సిలిండరు ఖాళీ.
మూడోసారి రాత్రి రెండింటికి
అటెండరు కూర్మారావు టార్చి పట్టుకుని
కొలిమి ముందు కూర్చున్నాడు
పురిటిగది బయట మగాడిలా.

వచ్చింది.
చిటికెడు, కాటుకలా.
కడిగి, కడిగి, కడిగి
లిట్మస్ కాగితం ఏ రంగుకీ లొంగనని మొరాయించే దాకా.

విశాఖ నుంచి రిపోర్టొచ్చింది:
గ్రాముకి రెండు వేల చదరపు మీటర్లు.
అంతా కన్నాలే. కన్నాల గోడల్లో మళ్ళీ కన్నాలు.
మడత విప్పి పరిస్తే
యాభై సెంట్లకి ఓ గట్టు వెడల్పు తక్కువ.

ఛార్జి పెడితే అయాన్లు వచ్చి ఆ గోడలకి ఆనుకుంటాయి.
ఇల్లు కట్టవు, పొయ్యి రాజెయ్యవు,
వదిలితే వెళ్ళిపోతాయి.
పదివేల రాకపోకల తర్వాత కొలిస్తే
నూటికి తొంభై రెండు పాళ్ళ బలం మిగిలింది.
చెన్నై రైలెక్కి దిగే ఏ ఒంటికి మిగులుతుంది అంత?

మూడు బిళ్ళలు, ఒక ఎర్ర బల్బు పట్టుకుని
పలాస వెళ్ళాను.
ఆ సాయంత్రమూ కరెంటు లేదు.
నొక్కు పిన్నీ, అన్నాను.
గీతల్లేని బొటనవేలు కాసేపు గాలిలో ఆగింది,
మిషన్లంటే ఆమెకి నమ్మకం లేదు.
ఇది ముద్ర అడగలేదు.
వెలిగింది. నాలుగు నిమిషాలు.

ఆ ఎరుపులో ఉత్సాహం ఆగక
యాభై సెంట్ల సంగతి చెప్పేశాను.
బిళ్ళని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.
"ఇంత బూవే!
పట్టా ఎవుల పేర్న సేసినావు?"

బల్బు ఆరింది. దోమలు.
ఇద్దరం నవ్వాం గానీ
నేను ముందు ఆపాను.

పేపర్లో అయిదు పేర్లున్నాయి, నాది రెండోది.
ముడిపదార్థం: స్థానిక వ్యర్థం, అని ఒక వాక్యం.
దాని పక్కన కర్సరు కొట్టుకుంటూనే ఉంది.
ల్యాబు నోట్‌బుక్‌లో ఆ బస్సు టికెట్టు దాచాను.
తొక్కల పేరు మీద ఉన్న కాగితం
ఇప్పటికి అదొక్కటే.