అర్జీకి జతపరచిన ఫొటో

పలమనేరు బజారులో నాది ఒకటిన్నర గది స్టూడియో.
రోజంతా నేను చెప్పే మాట ఒకటే: "కదలొద్దు."
కార్తీకం తుపాను వెళ్ళిన నాలుగోనాడు
ఆ మాట పనికిరాని చోటికి
అప్పు చేసి కొన్న పెద్ద లెన్సుతో బయలుదేరాను.

కైగల్ ఏటి కింది మడుగులో చెంగల్రాయుడి పుట్టి.
వెదురు అల్లిక, అడుగున పట్టా, తారు వాసన.
అటు తిరుగుతుంది, ఇటు తిరుగుతుంది,
ఎటూ పోదనిపిస్తూనే పోతుంది.
"నడుమ కూచో సామీ. బరువంతా ఒక పక్క ఏస్తే
చేపలు నిన్ను ఫొటో దీస్తాయి."

నీటికోడి లెన్సులోకి వచ్చింది.
పుట్టి తిరిగింది, రెల్లు వచ్చింది.
లకుముకిపిట్ట వచ్చింది.
పుట్టి తిరిగింది, చెంగల్రాయుడి మోకాలు వచ్చింది.
దేవాంగపిల్లి కావాలంటే నవ్వాడు,
"అది పొద్దు గూకినాక లేస్తాది, నువ్వు పొద్దు గూకితే పడుకుంటావు."
ముప్పై ఏడు ఫొటోల్లో పదకొండు ఆ మోకాలే,
దాని మీద పాత మచ్చ, ప్రతిసారీ స్పష్టంగా.

దుముకురాళ్ళ హోరు ముందు చెవికి కాదు,
పుట్టి అడుగుకి తెలిసింది,
అక్కణ్ణుంచి నా అరికాళ్ళకి.
బండ మీద దిగి మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి
షట్టరు నెమ్మది చేసి జలపాతాన్ని పట్టాను.
తెర మీద చూపిస్తే చాలాసేపు చూశాడు.
"నీళ్ళు యాడ? ఇది పత్తి గదా.
సప్పుడు తీసేసినావు. తడి గూడా తీసేసినావు."
వాదిద్దామనుకున్నాను.
కళ్ళద్దాల నిండా తుంపర. తుడుచుకుంటూ ఉండిపోయాను.

మధ్యాహ్నం రాగిసంగటి ముద్ద విరిచి సగం ఇస్తూ
అసలు సంగతి చెప్పాడు.
"పోయినేడు చెరుకు, ముప్పావెకరం. ఒక్క రాత్రి.
ఎడం చెవి చిరిగిన ఆడేనుగు. టార్చిలైట్లో చూసినా.
ఫారెస్టాఫీసులో రుజువు అడిగినారు.
అది ఈ నీళ్ళకే వస్తాది.
మొగం పడేటట్టు తియ్యి. పుట్టికి బాడుగ వద్దు."

పొద్దున అతను బేరమెందుకు ఆడలేదో అప్పుడర్థమైంది.

ఎండ బెల్లంపాకం రంగుకి దిగింది.
అవతలి గట్టున వెదుళ్ళు విరిగాయి.
తెడ్డు నీళ్ళలోంచి ఎత్తాడు. చుక్కలు రాలే చప్పుడు కూడా
ఎక్కువనిపించి, ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు.
ఒకటి. వెనక రెండోది. వాటి కాళ్ళ మధ్య
తాగడం ఇంకా చేతకాక
తొండంతో నీటిని కొట్టి చూస్తున్న పిల్ల.
మొదటిది తల తిప్పింది.
ఎడం చెవి, అంచు నుంచి లోపలిదాకా,
గాలికి చీలిన అరటాకు.

పుట్టి తిరగలేదు.
ఆ ఒక్కసారి ఎందుకు తిరగలేదో నాకిప్పటికీ తెలీదు.
తొమ్మిది ఫొటోలు. రెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

చీకటి పడ్డాక తెర వెలుగు అతని మొహం మీద.
చెవి దగ్గరికి జరిపాను. పెద్దది చేశాను.
అతని బొటనవేలు పిల్ల దగ్గర ఆగింది.
"ఇది గాదు."
"చెవి చూడు."
"చెవులు చానా వాటికి చిరుగుతాయి. ఇది గాదు సామీ."
గట్టు చేరాక బాడుగ మూడొందలు తీసుకున్నాడు,
యాభై వెనక్కిచ్చాడు.

వారం తర్వాత స్టూడియోకి వచ్చాడు.
ఉతికిన చొక్కా, నాలుగు మడతల అర్జీ.
రుజువు గడి ఖాళీ.
ఏనుగు గుర్తులన్న చోట గుండ్రటి బడిపిల్ల దస్తూరి:
'చీకట్లో సరిగా కనపడలేదు.'
"నా ఫొటో ఒకటి అంటించాలంట."

నీలం గుడ్డ ముందు స్టూలు మీద కూచోబెట్టాను.
గడ్డం పైకి. భుజాలు సమంగా.
"కదలొద్దు."
కదల్లేదనే అనుకున్నాడు.
మూడుసార్లు తీశాను. మూడింట్లోనూ
అటు పిసరంత, ఇటు పిసరంత
అతని అంచు నీళ్ళలో ఉన్నట్టు చెదిరింది.
ఆఫీసువాళ్ళు ఒప్పుకుంటారో లేదో,
అదే కత్తిరించి ఇచ్చాను.