ఎడం

భీమవరంలో మా ల్యాబు రొయ్యల మేత కొట్టు పైన.
మెట్ల నిండా చేపపొడి వాసన.
ఓలేటి నూకరాజు తడిగుడ్డలో చుట్టి తెచ్చిన రొయ్యకి
తలపెంకు మీద తెల్లమచ్చలు కంటికే కనబడుతున్నాయి.
వాటిని పెట్టినది మాత్రం
ఎంత ఖరీదైన కటకంలోనూ ఒక మసక.
ఒకటో, రెండో, అంటుకుపోయిన పదో
వెలుగు చెప్పదు.

వెలుగు తప్పేం లేదు. దాని అడుగే అంత.
అందులో సగం కన్నా దగ్గరగా నిలబడ్డ ఇద్దరిని
ఒక్క పేరు కిందే రాసుకుంటుంది,
ఉమ్మడి పట్టాలో అన్నదమ్ముల్లా.

సన్నని సంగతులు పుట్టక కాదు.
పుడతాయి.
కాలవ రేవులో చీమ జారిపడిన వణుకులా
పుట్టినచోటే, బెత్తెడైనా పోకుండా
సద్దుమణిగిపోతాయి.
అవతలి గట్టుకి చేరేవి పడవ లేపిన అలలే.
మనం లోకమంటున్నది వాటినే.

కాలేజీ నేలమాళిగలో కుడుపూడి హైమావతి
వెండి మీద ఆక్సైడు, ఆక్సైడు మీద వెండి,
వెంట్రుక మందాన్ని రెండువేలు చేస్తే అందులో ఒక వంతు చొప్పున
వంపు తిరిగిన గాజు మీద పదహారు జతలు పరిచింది.
ఏడాదంతా వెండి మాట వినలేదు.
ముద్దలు కట్టింది, నీళ్ళు చాలని పిండిలా.

ఒక ఆదివారం ఆత్రేయపురంలో
పెచ్చెట్టి నాగరత్నం పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది.
బోర్లించిన కుండ. పిండినీళ్ళలో ముంచిన గుడ్డ.
ఒక్క లాగు, ఒక్క రెప్పపాటు,
కుండ వంపంతా వొంటికి తెచ్చుకుని లేచిన రేకు.
"పిండిదేముందమ్మా, ముందు కుండకి నూనెగుడ్డ తుడవాలి.
జారేచోటే సాపుగా పరుచుకునేది."
మర్నాడు వెండి కింద జెర్మేనియం ఒక్క పూత పూసింది.
వెండి పడుకుంది.

పొరల వెంట పోతే లోహం, పొరలకి అడ్డంగా పోతే గాజు.
మామూలు గాజులో వెలుగు చుట్టూ ఒక గిరి, గుండ్రంగా;
సన్నదానికి దాని బయట చోటే లేదు.
ఇక్కడ గిరి తెగింది.
ఇంటర్‌లో మార్కుల కోసం గీసి మరిచిపోయిన అతిపరావలయం,
చాచిన చేతులు ఎప్పటికీ మూయనిది.

ఇదంతా కాయితం మీద చెప్పింది. తలూపాను.
నాకు ఎక్కింది మాత్రం ఆనకట్ట మీద, బస్సు కిటికీలోంచి.
ధవళేశ్వరం దగ్గర
భుజాలు రాసుకుంటూ వచ్చిన రెండు నీటిచుక్కలు.
ఒకటి అంతర్వేది దారి పట్టింది, ఇంకోటి యానాం దారి.
సముద్రం దగ్గరికొచ్చేసరికి
మధ్యలో కోనసీమ పట్టేంత ఎడం.
ఇక ఎంత మందకొడి కన్నైనా
వీటిని రెండనే అంటుంది.

షరతులున్నాయి.
చూడాల్సింది వెండిని ఒరుసుకునే ఉండాలి,
గాలి దూరేంత ఎడమొచ్చినా అంతా పోయినట్టే.
పైగా వెండి ఊరికే దాటనివ్వదు,
పొరపొరకీ కాస్త వెలుగు మింగుతుంది,
లాకు లాకుకీ తరిగే శివారు కాలవ నీళ్ళలా.

అట్లతద్ది వెళ్ళిన మూడో రాత్రి, కరెంటు పోయి వచ్చాక
తెర మీద బూడిదరంగులో
ఒకటి.
దాని పక్కన, ఉందో లేదో అన్నంత చీకటి.
ఆ పక్కన ఇంకొకటి.

హైమావతి ఏమీ మాట్లాడలేదు. స్టూలు నూకరాజుకి జరిపింది.
అతను చాలాసేపు చూశాడు,
చుక్కల్ని కాదు, మధ్య చీకటిని.
"వీటికి మందుందా?"
"లేదు."
"అయితే నా నాలుగెకరాలూ
ఈ సందులోంచే పోయాయన్నమాట."

పొట్లంలో ఒక్క పూతరేకు మిగిలింది. ఇచ్చాను.
పొరలు విప్పి చూడలేదు,
ఒక్క కొరుకులో తినేసి
చేతికంటిన పంచదార లుంగీకి తుడుచుకుని
మెట్లు దిగిపోయాడు.