ఐదో నంబరు చొక్కా

గోల్ కొట్టేవాళ్ళ చొక్కాలు ఉతకడం తేలిక.
వీపున కాస్త చెమట, భుజాల మీద
తోటివాళ్ళ కౌగిళ్ళ ముడతలు, అంతే.
నీది అలా కాదు, ఇరియొందో.
ఎడమ మోచేతి దగ్గర పచ్చిక పసరు,
నడుము దగ్గర ఎవడో పట్టి గుంజిన సాగు,
ఛాతీకి అడ్డంగా సున్నం గీత.
ఎన్నిసార్లు పడ్డావో
నా బకెట్లో నీళ్ళు లెక్క చెప్పేవి.

మోంతెవీదెయోలో సెర్రో కొండ కింద
గుర్రపుశాల అంత క్లబ్బు మాది.
మాంసం ఫ్యాక్టరీ మూతపడ్డ ఊరినుంచి
పదిహేడేళ్ళవాడివి, రాత్రి బస్సు దిగి వచ్చావు.
సంచిలో అన్నయ్య బూట్లు, ముందు గుడ్డపీలికలు కుక్కి.
"ఎక్కడ ఆడతావు?" అన్నాడు కోచ్ ఫెర్మీన్.
"ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ."
ఐదో నంబరు నీ మీదికి విసిరాడు.
మా దేశంలో ఐదంటే
పదిమంది తప్పులకూ పూచీ పడ్డవాడు.

నా ఉతుకుల గదికి ఒకటే కిటికీ,
రొట్టెల పళ్ళెం అంత.
అందులోంచి మైదానం నడుమ వలయం ఒక్కటే కనపడేది.
గోల్స్ నాకు వినపడేవి.
నువ్వు కనపడేవాడివి.
బంతి రాకముందే ఆ భుజం మీంచి ఒకసారి,
ఈ భుజం మీంచి ఒకసారి వెనక్కి చూసుకునేవాడివి,
అప్పులవాడు వస్తున్నాడేమో అన్నట్టు.
బంతి వచ్చేది. వెళ్ళిపోయేది.
నీ దగ్గర ఒక్క గుక్క కూడా నిలిచేది కాదు.
ఆ తర్వాత ఎక్కడో, నా కిటికీకి అందనిచోట,
జనం అరిచేవాళ్ళు, ఇంకెవరి పేరో.

ఫైనల్లో ఒక్క పాసు తప్పింది.
మర్నాడు పేపర్లు నిన్ను ఉతికి ఆరేశాయట.
నాకు నవ్వొచ్చింది. నలభై ఏళ్ళుగా ఉతుకుతున్నదాన్ని,
ఉతకడమంటే ఏమిటో వాళ్ళకేం తెలుసు?
చల్లనీళ్ళలో నానబెట్టాలి ముందు.
నెత్తుటి మరక మీద వేణ్ణీళ్ళు పోస్తే
ఇక జన్మలో వదలదు.

స్పెయిన్‌కి అద్దెకిచ్చారు రెండేళ్ళు.
ట్యూనా డబ్బాల బొమ్మ ఉన్న చొక్కాట.
ఒక్క కార్డు రాశావు: "నేలిదా, ఇక్కడ మెషీన్ ఉతుకుతుంది.
చొక్కా ఎవరిదో దానికి తెలీదు."
తర్వాత గ్వయాకిల్, ఆ ఉక్కలో బట్ట ఆరదని విన్నాను.
తర్వాత మోకాలు.

ముప్ఫై మూడేళ్ళకి తిరిగొచ్చావు.
పసరు మరక కుడి మోచేతికి మారింది.
డాక్టరుకంటే ముందు నాకే తెలిసింది,
ఎడమకాలి మీద బరువు వెయ్యడం మానేశావని.
ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టులో ఒక ఆదివారం, వాన పడ్డ మైదానం.
మిగతా పది చొక్కాలూ బురద ముద్దలు.
నీది శుభ్రంగా వచ్చింది.
తొంభై నిమిషాలూ ఆడావు. ఒక్కసారీ పడలేదు.
చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.
వరండాలో ఫెర్మీన్ దగ్గు వినిపించింది,
బట్టల కుప్ప చూడ్డం అతనికి అలవాటు.
గబుక్కున నీ చొక్కా కింద పడేసి
చెప్పుకాలితో తొక్కాను, మోచేతులు రెండూ,
పొట్ట కూడా, తడినేల మీద ఈడ్చాను.
అలా ఇంకో నాలుగు ఆదివారాలు గడిపాం,
నీకు తెలియకుండా, మనిద్దరం.

చివరికి పేపర్లో అగ్గిపెట్టె అంత వార్త:
పదిహేడేళ్ళు, నాలుగొందల పన్నెండు ఆటలు, తొమ్మిది గోల్స్.
తొమ్మిదా! ఒక్కటీ చూళ్ళేదు నేను.

ఇప్పుడు సెర్రో బస్సు నడుపుతున్నావు.
మొన్న సంత దగ్గర ఎక్కాను. గుర్తుపట్టి
మాతే గిన్నె అందించావు, చేదు, బాగా కాగింది.
బండి కదిలించేముందు
ఆ భుజం మీంచి ఒకసారి, ఈ భుజం మీంచి ఒకసారి
చూసుకున్నావు. అద్దాలు రెండూ ఉండగానే.
వెనక సీట్లో ఎవరో విసుక్కున్నారు, ఎంతసేపని.

ఒక్క మాట, ఇరియొందో.
ఆ నీలం చొక్కా ఎవరు ఉతుకుతున్నారో గానీ
కాలరు సరిగ్గా జాడించడం లేదు.
సబ్బు అలాగే ఉంది.