మూడో రాయి తడిసింది

ఉనా నదికి రెండు సున్నాలు.
ఎడమ గట్టు సున్నా ఒక దేశానిది,
కుడి గట్టు సున్నా ఇంకో దేశానిది.
మధ్యలో ముప్ఫయ్యెనిమిది సెంటీమీటర్ల తేడా.
నీళ్ళు మాత్రం ఎక్కడా మెట్టెక్కినట్టు కనపడవు.

వంతెనకి ఆ చివర ఆఫీసులో యాసెంకా,
ఈ చివర నేను.
ఇద్దరం కలిసి తెరమీద ఒక పటం కడుతున్నాం.
ఏ కొండమీద వాన పడితే
ఏ వాగు ఎన్నింటికి ఎవరి గుమ్మం తడుపుతుందో
వేలు పెట్టి అడగ్గానే చెప్పే పటం.
కిందటి వరదలో
పైఊరి అంకె మాకు చేరేసరికి
నీళ్ళు వచ్చి, వెళ్ళి, ఒక రోజయింది.

వేసవంతా సున్నా దగ్గరే ఆగిపోయాం.
"మీది కాస్త దించుకోకూడదూ?" అంది తను.
"మీదే ఎత్తొచ్చుగా" అన్నాను.
పైవాళ్ళు ఉత్తరాలు రాసుకున్నారు, ముద్రలు కొట్టుకున్నారు.
చివరికి ఒక కొత్త గడి పెట్టాం:
ఎవరి సున్నా?
అది నింపందే ముందుకి పోనివ్వదు మా పటం.

అప్పుడు తగిలింది ఖాళీ.
తొంభై రెండు వసంతం నించి తొంభై ఐదు శిశిరం దాకా
రెండు గట్లూ ఒకే అంకె రాశాయి,
మైనస్ తొమ్మిదివందల తొంభైతొమ్మిది.
కొలత లేదు అనడానికి గుర్తది.
కొత్తగా చేరిన కుర్రాడు తెలియక గ్రాఫు గీస్తే
నది మూడున్నరేళ్ళు
పాతాళంలో పారింది.
యాసెంకా నవ్వింది. నేనూ నవ్వాను.
తర్వాత కాసేపు ఫోన్లో ఎవరం ఏమీ అనలేదు.

రెఫిక్ ముయాగిచ్ మా పాత కొలతగాడు.
ఎనభై రెండేళ్ళు. ఎడమ చెవి వినపడదు.
ఒక మంగళవారం ప్లాస్టిక్ సంచిలో
నాలుగు వంటింటి కేలండర్లు తెచ్చి బల్లమీద పెట్టాడు.
తేదీ తేదీకీ పెన్సిలు రాత:
రెండో రాయి. రెండో రాయి.
మూడో రాయి తడిసింది.
పొగమంచు, కనపడలేదు.
రెండో రాయి. పిండి అయిపోయింది.
ఐదో రాయి, ఎవరిదో మేక కొట్టుకుపోయింది.

"కొలబద్ద దాకా పోలేకపోయాను" అన్నాడు,
"గట్టునిండా మందుపాతరలు.
అటకమీద ఒక పెంకు తీసి
వంతెన స్తంభం రాళ్ళు లెక్కపెట్టాను."
"ఎవరు చెప్పారు లెక్కపెట్టమని?"
"ఎవరూ ఆపమనలేదుగా."

మూడో రాయి అంటే ఎన్ని సెంటీమీటర్లు?

ఆగస్టులో నీళ్ళు సన్నబడ్డాక
యాసెంకా అటునించి టేపు పట్టుకొచ్చింది.
నేను పడవలో నిలబడి రెండో కొస పట్టుకున్నాను.
సరిహద్దు పోలీసు కటకటాలమీంచి వంగి
దేనికి కొలుస్తున్నారన్నాడు.
"పాత నీళ్ళకి" అంది యాసెంకా.
మొదటి రాయి నలభై ఒకటి. రెండోది ముప్ఫయ్యారు.
మూడోది ఒక పక్క పెచ్చు లేచిపోయింది,
సగటు వేశాం.
ఏ రెండు రాళ్ళూ ఒక సైజు కావు;
చెక్కినవాడికి మా అవసరం తెలీదు పాపం.

పదకొండువందల చిల్లర రోజులు అంకెలయ్యాయి.
పొగమంచు రోజులు పొగమంచుకే వదిలేశాం.
నిబంధన ప్రకారం నాణ్యత గడిలో
'అనుమానం' అని పెట్టాలి. పెట్టాను.
రెఫిక్‌ని పిలిచి తెర చూపించాను.
ఆ మాట దగ్గర వేలు ఆపాడు.
"ఇది నన్నా, రాయినా?"
"కొలతని" అన్నాను.
"అదే కదా" అన్నాడు, వినపడని చెవి నా వైపు తిప్పి.

ఆ రాత్రి యాసెంకాకి ఫోన్ చేశాను,
ఇంకో గడి కావాలని.
"పేరు?"
కొలిచినవాడి మాట.
అది గ్రాఫులోకి ఎక్కదు, సగటుకి లొంగదు,
పనిగట్టుకుని నొక్కితే తప్ప కనపడదు.
కేలండర్లన్నీ నేనే ఎక్కించాను, మేకతో సహా.

జనవరి పదకొండు, తొంభై మూడు:
నాలుగో రాయి.
అవతలి గట్టున ఇంకెవరో కూడా
స్తంభం వంకే చూస్తున్నారు.

యాసెంకా అది రెండుసార్లు చదివింది.
వాళ్ళ నాన్నని అడుగుతానంది.
ఇంకా అడిగినట్టు లేదు.