నల్లకాలు

కలకత్తా నుంచి వచ్చిన నాయకుడు
కాన్వెంట్ జంక్షన్ దగ్గర బల్ల ఎక్కి
ఇంగ్లీషులో ఒక మాట అన్నాడు: బ్లాక్‌లెగ్.
పక్కనున్న గుమస్తా మైకులో తెలుగు చేశాడు:
నల్లకాలోడు.

మేం నవ్వాం.
బొగ్గు బెర్తులో కూలికెళ్లే నాలుగొందల మందిమి
మోకాళ్ల దాకా నల్లగా నిలబడి
ఒకరి కాళ్లు ఒకరికి చూపించుకుని మరీ నవ్వాం.
నూకరత్నం కుచ్చిళ్లు జానెడెత్తి
"అయితే నన్నేటంటారు బావూ?" అంది.
గుమస్తా చెమట తుడుచుకున్నాడు.
"సమ్మెలో దొంగచాటుగా పనికెళ్లినోణ్ణమ్మా."
"అలగ సెప్పు. మజ్జన కాళ్లెందుకు?"

సమ్మె మొదలైంది.
క్రేన్లు తలలెత్తి ఆగిపోయాయి.
డాల్ఫిన్ కొండ అవతల ఓడలు
దీపాలు పెట్టుకుని పడిగాపులు పడ్డాయి.
జ్ఞానాపురంలో ఆరేసిన బట్టలు
మొదటిసారి తెల్లగా ఆరాయి.
వారానికి గోళ్లు, రెండు వారాలకు పిక్కలు,
పదిహేడో రోజుకి
మడమ పగుళ్లు కూడా తేటపడ్డాయి.
నా కాళ్లు నేనే గుర్తుపట్టలేదు.
పెళ్లిలో పారాణి పెట్టిననాడు చూశాను, మళ్లీ అప్పుడే.
బియ్యం డబ్బా అడుగూ అంతే శుభ్రంగా ఉంది.

పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున
వీధి కొళాయి దగ్గర, బిందెల వరసలో,
ఒక్క జత నల్లకాళ్లు.

లుంగీ కిందికి దించుకుంటున్నాడు ఎల్లాజీ.
కొళాయి ఇంకా రాలేదు.
వచ్చుంటే, రెండు చెంబులు పోసుకునుంటే,
ఆ మాటకి మా పేటలో
అర్థం ఉండేది కాదు.

అరిచింది నేనే.

ఎందుకెళ్లావని ఎవరూ అడగలేదు.
కేజీహెచ్‌లో చెల్లెలన్నారు, అప్పులోడన్నారు,
తాగుడికే అన్నారు. నాకు ఈనాటికీ తెలీదు.
కొట్టలేదు.
బిందెలు పక్కకి జరుపుకున్నారు, అంతే.

ఇరవై ఆరో రోజున రాజీ.
రోజుకి రూపాయి పావలా పెరిగింది.
మర్నాటి సాయంత్రానికి
అందరి కాళ్లూ మళ్లీ నల్లనే.
మాట మాత్రం పోలేదు.
పేటలో సబ్బు ఖర్చు పెరిగింది.
గేటు దాటగానే రుద్దుకునేవాళ్లం,
పిల్లలు చూడకముందే,
చర్మం మండేదాకా.

ఎల్లాజీ కడగడం మానేశాడు.
అలాగే తిండికి కూర్చునేవాడు,
అలాగే అరుగు మీద పడుకునేవాడు,
వీధిలోకి కాళ్లు చాపి.
దాటి వెళ్లేవాళ్లం.

ఏడేళ్ల తర్వాత ఒక రాత్రి షిఫ్టు దిగాక
నా సబ్బు అతని చేతికిచ్చాను.
తీసుకున్నాడు.
చేతులు రెండూ కడుక్కుని,
నల్లనురగ పోయేలా సబ్బునీ కడిగి,
తిరిగి ఇచ్చేశాడు.